కొండ తవ్వితే చేనుకేంటి నష్టం? మిర్చి, పత్తి పొలాలకు కొండవాలు చేస్తున్న పనులివే

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డులో పేరేచర్ల, ఫిరంగిపురం దాటుతుంటే ఒకవైపు మిర్చి, పత్తి చేలు, ఇంకోవైపు కొండలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి ఒక పక్క పచ్చగా ఉంటుంది, రెండో పక్క కోసిన కేకులా తెల్లగా నిలబడి ఉంటుంది. అద్దంకి వైపు వెళ్లినా, చీమకుర్తి వైపు వెళ్లినా ఇదే సీన్.

చేను రైతుది. కొండ సర్కారుది. క్వారీ లీజుదారుడిది. కాగితాల్లో ఈ మూడింటికీ సంబంధం లేదు. కానీ వాన పడ్డ రోజు మాత్రం మూడూ ఒక్కటే. కొండ మీద పడ్డ చినుకు ఎక్కడ ఆగుతుంది, ఎంత వేగంగా దిగుతుంది, దాంతోపాటు ఏం తెస్తుంది... ఇవన్నీ కింద చేలో తేలతాయి.

కొండ తవ్వకాల గురించి వార్తల్లో ఎక్కువగా వినిపించేది లీజులు, సీనరేజీ, అక్రమ రవాణా. అసలు కొండవాలు మనకు ఏం పని చేసి పెడుతుంది? అది దెబ్బతింటే గుంటూరు, ప్రకాశం మైదానంలో రైతుకు ఏం పోతుంది? సింపుల్‌గా చూద్దాం.

కొండవాలు చేసే పనులేంటి?

ప్రకృతి మనకు ఉచితంగా చేసి పెట్టే పనులను శాస్త్రవేత్తలు 'పర్యావరణ వ్యవస్థ సేవలు' అంటారు. ఐక్యరాజ్యసమితి చొరవతో 2005లో వచ్చిన మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ నివేదిక వీటిని నాలుగు రకాలుగా విడదీసింది. మన కొండలకు అన్వయిస్తే ఇలా ఉంటాయి.

1. చేతికి ఇచ్చేవి: వంటచెరకు, మేకలకు, గొర్రెలకు మేత, సీతాఫలాలు, తేనె, వెదురు, ఊట నీళ్లు.
2. అదుపు చేసేవి: వరద వేగం తగ్గించడం, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకోవడం, నీటిని భూమిలోకి దింపడం, దుమ్మును, వేడిని తగ్గించడం, పురుగుల్ని తినే పిట్టలకు, తేనెటీగలకు చోటివ్వడం.
3. మనసుకు సంబంధించినవి: కోటప్పకొండ తిరునాళ్ల, మంగళగిరి పానకాల స్వామి, సింగరకొండ ఆంజనేయుడు. మన దేవుళ్లు చాలామంది కొండ మీదే ఉన్నారు కదా.
4. వీటన్నిటికీ ఆధారమైనవి: మట్టి తయారవడం, ఆకు కుళ్లి ఎరువవడం లాంటివి.

ఆ నివేదిక ప్రపంచవ్యాప్తంగా పరిశీలించిన 24 సేవల్లో 15 క్షీణిస్తున్నాయని తేల్చింది. వీటికి బిల్లు రాదు కాబట్టి ఎవరూ లెక్క రాయరు, పోయాకే తెలుస్తుంది.

50 మిల్లీమీటర్ల వానకు లెక్క కడితే...

ఎకరా నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? దాదాపు 2 లక్షల లీటర్లు. అంటే 100 ఎకరాల కొండవాలు మీద ఒక గట్టి వాన కురిస్తే 2 కోట్ల లీటర్లు దిగాలి. అల్పపీడనం పట్టిన రోజుల్లో ఇది మామూలు వానే.

చెట్టూ చేమా ఉన్న వాలు మీద ఈ నీళ్లన్నీ ఒకేసారి కిందికి రావు. కొంత ఆకుల మీదే ఆగుతుంది. కొంత రాలిన ఆకుల పొరలో, గడ్డి దుబ్బుల్లో నిలుస్తుంది. కొంత వేళ్ల పక్క సందుల్లోంచి రాతి పగుళ్లలోకి దిగుతుంది. మిగిలింది రాయి రాయికీ తగులుతూ నెమ్మదిగా వాగు చేరుతుంది. వాన తగ్గిన తర్వాత కూడా వాగు కొన్నాళ్లు పారేది అందుకే.

అదే వాలు బోడి అయితే? చినుకు నేరుగా మట్టి మీద పడుతుంది. ఆ దెబ్బకు మట్టి విడిపోతుంది. సన్నటి మట్టి నేల సందుల్ని మూసేస్తుంది. ఇక నీళ్లు లోపలికి దిగవు, పైపైనే ఉరుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో రావాల్సిన నీళ్లు గంటల్లో వచ్చేస్తాయి. వాన అంతే, వరద మాత్రం వేరు.

కొండ అడుగు నేల ఎందుకంత ముఖ్యం?

మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఇదే.

మిర్చి, పత్తి ఎక్కువగా పండేది నల్లరేగడిలో. రేగడికి నీళ్లు పట్టి ఉంచే గుణం ఎక్కువ. కానీ ఒకసారి బాగా తడిస్తే అది ఉబ్బిపోతుంది. ఎండాకాలం నోళ్లు తెరుచుకున్న బీటలన్నీ మూసుకుపోతాయి. ఆ తర్వాత నీళ్లు లోపలికి దిగడం చాలా నెమ్మది. అంటే రేగడి తన దాహం తీర్చుకుంటుంది తప్ప కింద భూగర్భానికి పెద్దగా వదలదు.

మరి బోర్లలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? చెరువులు, వాగులు, కాలువల కిందినుంచి కొంత. కొండ అడుగున ఉండే గులకరాళ్ల ఎర్రమట్టి నేలల్లోంచి కొంత. వేల ఏళ్లుగా కొండ మీదినుంచి జారిన రాళ్లు, ముతక మట్టి అక్కడ పోగయ్యాయి. జల్లెడలాంటి నేల అది. కొండ దిగిన నీళ్లు రేగడి చేరేలోపు ఇంకాల్సిన చోటు అదే.

ఇప్పుడు రోడ్లకు, వెంచర్లకు, ఇంటి పునాదులు నింపడానికి టిప్పర్లలో వెళ్లే 'గ్రావెల్' ఏంటి? సరిగ్గా ఆ ఎర్రమట్టే. కొండ అడుగున గ్రావెల్ తవ్వడం అంటే ఆ జల్లెడను తీసేయడమే. క్వారీ అంటే అందరికీ రాయి గుర్తొస్తుంది. కానీ ఊరి బోరుకు ముందుగా దెబ్బ తగిలేది ఈ మట్టి తవ్వకంతోనే.

'గొయ్యి తవ్వితే నీళ్లు నిలుస్తాయి కదా, మంచిదేగా' అని చాలామంది అడుగుతారు. కొన్నిచోట్ల నిజమే. కానీ గొయ్యి అడుగున గట్టి రాయి తేలితే నీళ్లు దిగవు, ఎండకు ఆవిరైపోతాయి. సన్నమట్టి పేరుకుంటే ఆ కొద్ది సందులూ మూసుకుపోతాయి. గొయ్యి చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం కంటే లోతుకు వెళ్తే అసలుకే మోసం. అప్పుడు పక్క బోర్ల నీళ్లే గోతిలోకి ఊరతాయి, పని సాగాలని వాటిని మోటార్లతో బయటికి తోడేస్తారు.

తవ్వకం ఒక్కసారిగా కాదు, దశలవారీగా

కొండకు దెబ్బ ఒక్క రోజులో తగలదు.

ముందు పైకి బండి దారి వేస్తారు. వాలుకు అడ్డంగా కోసిన ఆ దారి వాన పడితే కాలువ అవుతుంది. తర్వాత రేల, మోదుగ, సీతాఫలం లాంటి చెట్లూ పొదలూ పోతాయి. ఆ తర్వాత పైమట్టి. 2, 3 సెంటీమీటర్ల మట్టి తయారు కావడానికి వెయ్యేళ్ల దాకా పట్టొచ్చని ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. జేసీబీకి మాత్రం ఒక్క పూట చాలు. ఆపైన రాయి, పేలుళ్లు, క్రషర్. చివరికి మిగిలేది నిలువు గోడలాంటి రాయి, పక్కనే పనికిరాని రాళ్ల గుట్టలు.

ఆ గుట్టల్ని ఎక్కడ పోశారన్నది కూడా కీలకమే. వాగు దారిలో పోస్తే నీళ్లు పక్కకు తిరుగుతాయి. ఆ పక్కన ఉండేది ఎవరిదో ఒకరి చేను.

మిర్చికి, పత్తికి తగిలే దెబ్బ

మిర్చి సున్నితమైన పంట. నీళ్లు కావాలి కానీ నిలవకూడదు. రేగడిలో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిచినా వేరుకు గాలి అందక మొక్క వడలిపోతుంది, కుళ్లు తెగుళ్లు పట్టుకుంటాయి. పత్తి కూడా అంతే. బెట్ట తర్వాత ఒక్కసారిగా నీళ్లు నిలిస్తే పచ్చగా ఉన్న చెట్టు ఒకట్రెండు రోజుల్లో తలవాల్చేస్తుంది. అంటే కొండ నుంచి నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయన్నది ఈ రెండు పంటలకూ చావు బతుకుల విషయం.

ఇక రెండో చివర. మిర్చి కోతలు జనవరి నుంచి వేసవి ముందు దాకా సాగుతాయి. అప్పటికి వానలు ఉండవు. సాగర్ కుడికాలువ చివరి భూములకు నీళ్లు అందడం ఎప్పుడూ అనుమానమే. చివరి తడులకు బోరు, చెరువే దిక్కు. వానాకాలంలో కొండవాలు ఇంకించని నీళ్లు ఫిబ్రవరిలో బోరులో ఉండవు. ఒకే రైతు అక్టోబరులో మునిగి, ఫిబ్రవరిలో ఎండిపోవడం వింతేమీ కాదు. రెండింటికీ మూలం ఒకటే కావచ్చు.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. క్రషర్ పక్క చేలల్లో ఆకు మీద తెల్లపొర కడుతుంది. ఆకు రంధ్రాలు మూసుకుంటే, ఎండ సరిగా తగలకపోతే మొక్క ఆహారం చేసుకోవడం తగ్గుతుంది. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద దుమ్ము పడితే యార్డులో రంగు చూసి రేటు కట్టేవాళ్లు ఊరుకోరు. అదే దుమ్ము క్రషర్‌లో, క్వారీలో పనిచేసే కూలీల ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. సిలికోసిస్ ఒకసారి వస్తే నయమయ్యే జబ్బు కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రతి నష్టాన్నీ కొండ తవ్వకం మీదే వేయలేం. 2021లో మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు బయటి దేశాల నుంచి వచ్చింది. దానికీ క్వారీకీ సంబంధం లేదు. కానీ పురుగుల్ని తినే పిట్టలు, సాలీళ్లు, మిత్ర పురుగులు బతకాలంటే చేను పక్కన ఎక్కడో పొద, గడ్డి ఉండాలి. గట్ల మీద చెట్లు ఎప్పుడో పోయిన ఈ మైదానంలో వాటికి మిగిలిన ఇల్లు కొండలే.

కొండవీటి వాగు చెప్పే పాఠం

కొండవీడు అంటే మనకు కోట గుర్తొస్తుంది. 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల రాజధాని అది. కోట మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు చెరువులున్నాయి. వాలు మీద పడ్డ వానను పైనే పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి నింపుకునే తెలివి అది.

ఆ కొండల్లోనే కొండవీటి వాగు పుడుతుంది. మెట్ట చేల మీదుగా అమరావతి రాజధాని గ్రామాల గుండా పారి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కొండల్లో పెద్ద వాన పడి, అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంటే వాగు నీళ్లు వెనక్కి తన్నుతాయి, చేలు మునుగుతాయి. ఇది కొత్త సమస్య కాదు, రాజధాని రాకముందు నుంచీ ఉన్నదే.

దీనికోసం ఉండవల్లి దగ్గర రూ.230 కోట్లకు పైగా ఖర్చుతో ఎత్తిపోతల పథకం కట్టారు. 2018 సెప్టెంబరులో ప్రారంభమైంది. వాగు నీటిని 5,000 క్యూసెక్కుల దాకా కృష్ణలోకి ఎత్తిపోయడం దాని పని.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పైన వాలు, మధ్యలో చెరువులు నెమ్మదిగా వదలాల్సిన నీటిని కింద మోటార్లు పెట్టి తోడాలంటే అయ్యే ఖర్చు అది. కరెంటు బిల్లు, నిర్వహణ అదనం. పైవాలు ఎంత బోడి అయితే కింద పంపుల మీద అంత భారం. కొండ చేసే పనికి రేటు ఎంతని ఎవరైనా అడిగితే, చూపించడానికి మన పక్కనే ఒక లెక్క ఉంది.

కంభం చెరువు నుంచి చీమకుర్తి దాకా

ఉమ్మడి ప్రకాశం జిల్లా వైపు వస్తే నల్లమల. గుండ్లకమ్మ పుట్టేది అక్కడే. రెండు కొండల మధ్య సందులో ఆ ఏటికి అడ్డంగా కట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టించిందే కంభం చెరువు. కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువులోకి నీళ్లు దిగే ప్రాంతం దాదాపు 1,100 చదరపు కిలోమీటర్లు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది.

అయిదు వందల ఏళ్ల చెరువు ఇంకా చెరువులా ఉందంటే కారణం కట్ట గట్టితనం ఒక్కటే కాదు. పైన ఉన్న వాలు మట్టిని పట్టుకుంది కాబట్టి. వాలు వదిలేస్తే ఏ చెరువైనా పూడికతో నిండుతుంది. పూడిక తీయడానికి మళ్లీ టెండర్లు, మళ్లీ టిప్పర్లు. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కింద ఉండటం మన అదృష్టం. పులిని కాపాడితే గుండ్లకమ్మ పుట్టే చోటునీ కాపాడినట్టే.

అదే జిల్లాలో చీమకుర్తి కథ వేరు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్‌కు ప్రపంచమంతా గిరాకీ. వేల కుటుంబాలకు ఉపాధి, సర్కారుకు ఆదాయం, విదేశీ మారకం. ఇవన్నీ నిజం. దాంతోపాటు చాలా లోతైన గోతులు, వాటి పక్కన కృత్రిమ కొండల్లా పెరిగిన వ్యర్థ రాళ్ల గుట్టలు కూడా నిజం. తవ్విన ప్రతి రాయీ బ్లాకుగా పనికిరాదు, పగులున్నది పక్కన పడుతుంది. ఇదే మండలంలో సాగర్ నీళ్లు నిల్వ చేసే రామతీర్థం జలాశయం ఉంది. అంటే రాయి, నీరు ఇక్కడ పక్కపక్కనే బతకాలి.

వయనాడ్‌లా కొండచరియలు విరిగిపడతాయా?

2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి 200 మందికి పైగా చనిపోయారు. అలాంటిది ఇక్కడ జరుగుతుందా? మన కొండల మీద అంత మందమైన మట్టి లేదు, అక్కడ పడేంత వానా పడదు. అంత పెద్ద స్థాయి ముప్పు తక్కువే.

కానీ ముప్పు లేదని కాదు. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు విరిగిపడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాలును నిలువుగా కోసి, పగుళ్లలోకి నీళ్లు దిగనిస్తే ఏ రాయికైనా పట్టు పోతుంది.

మన దగ్గర అసలు ముప్పు కొండ కూలడం కంటే, కొండ మెల్లగా మాయమవడం. రాజస్థాన్ ఆరావళిలో అదే జరిగింది. నమూనాగా చూసిన 128 కొండల్లో 31 కనిపించకుండా పోయాయని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు నివేదిక వచ్చింది.

మరి కంకర ఎక్కడి నుంచి తేవాలి?

న్యాయమైన ప్రశ్నే. ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా, రాజధాని లేవాలన్నా కంకర కావాలి. క్వారీలన్నీ మూసేయాలనడం సమాధానం కాదు. ఎక్కడ, ఎంత, ఎలా అన్నదే పాయింట్.

ఎక్కడ: వాగులు పుట్టే వాలు, చెరువుకు నీళ్లు దిగే వాలు వదిలేసి, మిగతా చోట తవ్వుకోవచ్చు.
ఎంత: ఒక్కో లీజు చిన్నదే కావచ్చు, కానీ కొండ ఒక్కటే. పక్కపక్కనే పది లీజులుంటే పదింటి ప్రభావం కలిపి చూడాలి.
ఎలా: నిలువునా కాకుండా మెట్లు మెట్లుగా తవ్వడం, పైమట్టిని పక్కన దాచి మళ్లీ పరచడం, కంకర రోడ్ల మీద, క్రషర్ దగ్గర నీళ్లు చల్లడం, వర్షపు నీళ్లు వాగులో కలిసే ముందు సన్నమట్టి దిగే గుంటలు పెట్టడం. ఇవేవీ రాకెట్ సైన్స్ కాదు. చాలావరకు అనుమతి పత్రాల్లో ఇప్పటికే రాసి ఉండే షరతులే.

ఊరివాళ్లు ఏం చేయొచ్చు?

అనుమతి ఉందో లేదో చూడండి: 5 హెక్టార్లలోపు చిన్న క్వారీలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనుమతి పత్రాలు కేంద్రం 'పరివేష్' పోర్టల్‌లో వెతుక్కోవచ్చు. దొరక్కపోతే గనుల శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

దూరం కొలవండి: పేలుళ్లు జరిపే క్వారీకి ఇళ్లు, జనావాసాలు కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది.

ఫొటోలు దాచుకోండి: వానకు ముందు, వానకు తర్వాత ఒకే చోటు నుంచి తీసిన ఫొటోలు, బోరులో నీటిమట్టం, వాగు రంగు మారిన తేదీలు రాసి పెట్టుకోండి. ఫిర్యాదు ఎక్కడ ఇచ్చినా ముందుగా అడిగేది ఇవే.

ఫిర్యాదు చేయండి: కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఇవ్వొచ్చు. అక్కడ పని కాకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణాది బెంచ్ ఉంది. వివాదం మొదలైన 6 నెలల్లోపు వెళ్లాలి. పరిహారం కోసమైతే 5 ఏళ్ల దాకా గడువు ఉంటుంది.

నిధి సంగతి అడగండి: 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఆ డబ్బు. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణ రక్షణ దాని ప్రాధాన్యాల్లో ముందున్నాయి. మీ ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయిందని గ్రామసభలో అడిగే హక్కు మీకుంది.

మిగిలిన వాలును బాగు చేసుకోండి: కొండవాలుకు అడ్డంగా కందకాలు, వాగు మొదట్లో చిన్న చిన్న రాతికట్టలు, రెండు మూడేళ్లు మేపు ఆపడం. ఈ మూడూ చేస్తే గడ్డి దానంతటదే వస్తుంది. గడ్డి వచ్చాక మట్టి ఆగుతుంది, మట్టి ఆగితే నీళ్లు ఆగుతాయి. ఉపాధి పనుల్లో చేయించుకోదగ్గవే ఇవన్నీ.

గుడి ఉన్న కొండ జోలికి ఎవరూ అంత తొందరగా వెళ్లరు. గుడి లేని కొండే కంకర అవుతోంది. కానీ చేలోకి నీళ్లు పంపేటప్పుడు ఈ రెండు కొండలకూ తేడా లేదు. మీ ఊరి చెరువులోకి నీళ్లు ఏ కొండ నుంచి దిగుతాయో ఒకసారి పెద్దవాళ్లని అడిగి చూడండి. వచ్చే వానాకాలంలోపు ఆ వాలు మీద ఏం జరుగుతోందో వెళ్లి చూసి రండి. ఫిబ్రవరిలో బోరు ఎండాక వెతికే కారణాల్లో సగం అక్కడే కనిపించొచ్చు.